‘మందు తాగాడు’: ఆసుపత్రిలో ఆ మాటకు అర్థం ఎవరు చెప్పాలి?

తెలుగునాట ఏ ఆసుపత్రిలోనైనా ‘మందు తాగాడు’ అని ఎవరైనా పరుగున వచ్చి చెబితే, చెప్పిన తీరును బట్టే డాక్టరుకు సంగతి బోధపడుతుంది. పొలం నుంచి మనిషిని మోసుకొచ్చి చెబితే అది పురుగుమందు. పెళ్ళి విందు నుంచి తీసుకొచ్చి చెబితే మద్యం. చంటిపిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తల్లి చెబితే సీసాలోని దగ్గుమందు. మాట ఒకటే అయినా ఈ మూడింటి చికిత్సకు పొంతన లేదు. మొదటిదాంట్లో ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

ఇదే మాటను డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో తెలుగు పెద్దావిడ అందనుకుందాం. పక్కన ఉన్నది అక్కడే పుట్టి పెరిగిన మనవడు. ఇంట్లో వాడు విన్న ‘మందు’ తాతయ్య పొద్దున్నే వేసుకునే బీపీ మాత్ర ఒక్కటే. అందుకని ‘మాత్ర వేసుకున్నాడు’ అని ఇంగ్లీషులో చెబుతాడు. వాడు అబద్ధం చెప్పలేదు, నిర్లక్ష్యమూ చేయలేదు. తనకు తెలిసిన అర్థం చెప్పాడు. డాక్టరు తనకు అర్థమైందనుకుంటాడు. పెద్దావిడ తాను చెప్పానని అనుకుంటుంది. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాదు.

ఇలాంటిది నిజంగానే జరిగింది, స్పానిష్ భాషలో. 1980 జనవరిలో ఫ్లోరిడాలో క్యూబా మూలాలున్న 18 ఏళ్ళ యువకుణ్ణి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. అతనికి ఏమైందని అడిగితే కుటుంబసభ్యులు ‘ఇంతోక్సికాదో’ అన్నారు. క్యూబా వాడుకలో ఆ మాటకు తిన్నదో తాగినదో పడలేదని అర్థం. వైద్యులకు మాత్రం అది ఇంగ్లీషులోని ‘ఇంటాక్సికేటెడ్’ లాగా, మత్తుపదార్థం తీసుకున్నాడన్నట్టు వినిపించింది. మోతాదు మించి మాదకద్రవ్యం తీసుకున్నాడని భావించి ఆ చికిత్స మొదలుపెట్టారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. అది బయటపడేసరికి కాళ్ళూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడిపోయాయి. తర్వాత కుదిరిన పరిహారాన్ని అతని జీవితకాలానికి లెక్కగడితే సుమారు 7.1 కోట్ల డాలర్లు. ఆ రోజు అక్కడ ఒకరి భాషను మరొకరికి మార్చి చెప్పే దుబాసీని ఎవరూ పిలవలేదు. అవసరం ఉందని ఎవరికీ తోచలేదు కనుకే పిలవలేదు. భాష అస్సలు తెలియనప్పుడు మనిషి జాగ్రత్తపడతాడు. సగం తెలిసినప్పుడే ప్రమాదం పొంచి ఉంటుంది. ఆసుపత్రిలో భాషాసహాయం గురించి ఏం మాట్లాడుకున్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అమెరికాలో ఈ సహాయం ఆసుపత్రి దయ మీద ఆధారపడినది కాదు, దాని వెనుక చట్టం ఉంది. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం ప్రకారం, కేంద్రప్రభుత్వ నిధులు అందుకునే ఏ కార్యక్రమంలోనూ జాతి, రంగు, పుట్టుదేశం ఆధారంగా వివక్ష చూపకూడదు. అందులో భాష అన్న మాట లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా మూలాల విద్యార్థుల కేసులో 1974లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, భాష కారణంగా సేవకు దూరం చేయడమూ పుట్టుదేశం ఆధారంగా చూపే వివక్షే అన్న అన్వయం స్థిరపడింది. మన పాఠకులు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. చట్టం వాడిన మాట ‘అమెరికాలో ఉన్న ఏ వ్యక్తీ’ అని. పౌరుడనీ గ్రీన్‌కార్డు ఉన్నవాడనీ అనలేదు. పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వెళ్ళిన తల్లిదండ్రులకూ అది వర్తిస్తుంది.

2010లో వచ్చిన ఆరోగ్యబీమా సంస్కరణ చట్టంలోని 1557వ సెక్షన్ ఈ హక్కును వైద్యరంగానికి నేరుగా తెచ్చింది. దాని కింద 2016లో నియమాలు వచ్చాయి, 2020లో వాటిని బాగా కుదించారు, 2024లో మళ్ళీ విస్తరించారు. 2024 నాటి నియమాలు చదివితే, రాసినవాళ్ళకు ఆసుపత్రి గదిలో ఏం జరుగుతుందో బాగా తెలుసని అర్థమవుతుంది. ప్రాణం మీదికి వచ్చి, దుబాసీ అప్పటికప్పుడు దొరకని తాత్కాలిక పరిస్థితిలో తప్ప మైనర్ పిల్లల చేత మాటలు మార్పించకూడదు. వెంట వచ్చిన పెద్దవాళ్ళను వాడుకోవాలన్నా ఒక షరతు ఉంది. ఆ పెద్దమనిషి గదిలో లేనప్పుడు, అర్హత ఉన్న దుబాసీ సమక్షంలో, రోగి తనంతట తాను ‘నాకు వీరే చెబితే బాగుంటుంది’ అని కోరాలి. అదీ సందర్భానికి తగినదై ఉండాలి.

ఆ షరతు చాదస్తంలా కనిపించవచ్చు. ఒక్క సన్నివేశం ఊహించుకుంటే చాదస్తం కాదని తెలుస్తుంది. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చిన ఒక యువతి మోచేతి మీద కమిలిన గాయంతో ఆసుపత్రికి వచ్చింది. ఎలా తగిలిందని నర్సు అడిగితే, ఆమె తెలుగులో ఏదో చెప్పింది, పక్కనున్న భర్త దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. అతను సరిగ్గానే మార్చి ఉండవచ్చు. కానీ ఆ గదిలో ఆమె వేరే మాట చెప్పగల అవకాశం మొదటే మూసుకుపోయింది. నియమం కాపాడుతున్నది ఆ అవకాశాన్ని.

హాని తలపెట్టని, ప్రేమ నిండిన ఇంట్లో కూడా ఇదే ఇబ్బంది వేరే రూపంలో వస్తుంది. తండ్రికి క్యాన్సర్ అని డాక్టరు చెబితే కొడుకు ‘చిన్న గడ్డట, తగ్గిపోతుందట నాన్నా’ అని తెలుగులో చెబుతాడు. తల్లి తన నెలసరి సమస్యను కొడుకు ముందు చెప్పలేక ‘ఏదో నీరసం’ అని ఊరుకుంటుంది. మన ఇళ్ళలో ఇది తప్పుగా తోచదు, మర్యాదగానే తోచుతుంది. వైద్యానికి మాత్రం రెండు వైపులా సమాచారం ఆగిపోయింది.

ఇక మాటల సంగతి. తెలుగువాళ్ళు ఒంట్లో బాధను చెప్పే తీరుకు సొంత నుడికారం ఉంది. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటే కంటి జబ్బు కాదు. ‘గుండెల్లో మంట’ చాలాసార్లు కడుపుకు సంబంధించినది. ‘వేడి చేసింది’ అన్న ఒక్క మాటలో మూత్రంలో మంట, నోటిపూత, ముక్కు నుంచి రక్తం రావడం, సెగగడ్డ ఇవన్నీ ఇమిడిపోతాయి. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మారిస్తే డాక్టరు జ్వరమనుకుని ఉష్ణోగ్రత చూస్తాడు. అది మామూలుగా ఉందని సంతృప్తిపడతాడు. ఇన్నిటిలోనూ ‘ఆయాసం’ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రెండు మెట్లు ఎక్కితే ఊపిరి అందడం లేదని చెప్పడానికి మన పెద్దవాళ్ళు వాడే మాట అది. తెలుగు అరకొరగా వచ్చిన పిల్లలకు అది ‘అలసట’ లాగా వినిపిస్తుంది. అలసిపోతున్నానని డెబ్బై ఏళ్ళ మనిషి అంటే వయసు మీదపడిందని డాక్టరు సరిపెట్టుకోవచ్చు. ఊపిరి అందడం లేదంటే మాత్రం గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు వెంటనే రాస్తాడు. ఒక్క మాట తేడాలో గుండె వైఫల్యాన్ని ముందుగా పట్టుకునే అవకాశం చేజారుతుంది.

డాక్టరు చెప్పినది రోగికి చేరవేయడమూ అంత తేలిక కాదు. ‘పరగడుపున’, ‘పూటకొకటి’, ‘రోజు విడిచి రోజు’ అన్న మాటలు తెలియని మనవడు మందు వేళలు చెబితే ఏమవుతుందో ఊహించవచ్చు. స్పానిష్ మాట్లాడేవాళ్ళ విషయంలో వైద్యులు తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. రోజుకు ఒకసారి అనడానికి ఇంగ్లీషులో రాసే ‘వన్స్’ అక్షరాలను స్పానిష్‌లో చదివితే పదకొండు అని అర్థం.

దుబాసీ ఉంటే చాలదు, శిక్షణ ఉండాలి అనడానికి లెక్కలు ఉన్నాయి. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో స్పానిష్ కుటుంబాలు పిల్లల వైద్యుణ్ణి కలిసిన 13 సందర్భాలను రికార్డు చేసి, మాటమాటా పరిశీలించారు. ఒక్కో సందర్భంలో సగటున 31 తప్పులు దొర్లాయి. అందులో 63 శాతం చికిత్స మీద ప్రభావం చూపగలవి. చెవిలో ఇన్ఫెక్షన్‌కు నోటితో తాగించవలసిన అమోక్సిసిలిన్‌ను రెండు చెవుల్లో పోయమని తల్లికి చెప్పడం వాటిలో ఒకటి. మందులు పడకపోవడం ఏమైనా ఉందా అన్న ప్రశ్నను అసలు అడగకుండా వదిలేయడం మరొకటి. 2012లో అదే పరిశోధకుడి ఆధ్వర్యంలో వచ్చిన మరో అధ్యయనం ఇంకా స్పష్టంగా చెప్పింది. ప్రమాదకరమైన తప్పుల వాటా వృత్తి దుబాసీలలో 12 శాతం ఉంటే, అప్పటికప్పుడు ఎవరినో పిలిచి మాట్లాడించినప్పుడు 22 శాతం. దుబాసీయే లేనప్పుడు 20 శాతం. అంటే శిక్షణ లేని మనిషిని మధ్యలో నిలబెడితే, ఎవరూ లేనప్పటి కంటే పరిస్థితి బాగుపడలేదన్నమాట. వృత్తి దుబాసీలలో కూడా కనీసం 100 గంటల శిక్షణ పొందినవాళ్ళ దగ్గర ఆ వాటా 2 శాతానికి దిగింది.

తెలుగుకు ఇక్కడే చిక్కు వస్తుంది. 2017 నాటి జనాభా సర్వే లెక్కలలోనే అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలు దాటారు. అంతకుముందు ఏడేళ్ళలో అత్యంత వేగంగా పెరిగిన భాషలలో తెలుగు ముందుంది. కానీ వైద్య దుబాసీలకు అక్కడ ధ్రువీకరణ ఇచ్చే రెండు జాతీయ సంస్థలలో ఏ ఒక్కటీ తెలుగులో నోటి పరీక్ష పెట్టదు. ఒకటి స్పానిష్, మాండరిన్, కాంటనీస్, రష్యన్, కొరియన్, వియత్నామీస్ భాషలకు, మరొకటి స్పానిష్, అరబిక్, మాండరిన్ భాషలకు పెడుతున్నాయి. తెలుగు దుబాసీ వృత్తి నియమాలు, వైద్య పదజాలం మీద అన్ని భాషలవాళ్ళకూ కలిపి పెట్టే పరీక్ష రాయగలడు. అతని తెలుగు ఎలాంటిదో మాత్రం ఆ పరీక్ష చెప్పదు. పైగా చాలా ఆసుపత్రులకు తెలుగు దుబాసీ ఫోనులోనో వీడియోలోనో దొరకడమే తప్ప, గదిలోకి వచ్చి కూర్చోడు. ఫోనులో రోగి ముఖం కనిపించదు. ‘ఇక్కడ నొప్పి’ అని చేయి పెట్టి చూపిస్తే ఆ ‘ఇక్కడ’ ఎక్కడో తెలియదు.

అంతకంటే మామూలుగా జరిగేది ఇంకొకటి ఉంది. ముఖం చూసి భారతీయులని గుర్తుపట్టి హిందీ దుబాసీని పిలుస్తారు. హైదరాబాదులో ఉండి వచ్చిన పెద్దాయనకు కాస్త హిందీ వస్తుంది కాబట్టి తల ఊపుతాడు. బేరమాడడానికి సరిపోయే హిందీ ఆపరేషన్‌కు సమ్మతి చెప్పడానికి సరిపోదు. తెలుగే కావాలని అడగడం ఎదుటివాళ్ళకు శ్రమ ఇవ్వడం కాదు. రాష్ట్రంలో ఎక్కువగా మాట్లాడే 15 భాషలలో ఉచిత భాషాసహాయం గురించి నోటీసు ఇవ్వాలని నియమం చెబుతుంది. తెలుగువాళ్ళు తక్కువగా ఉన్న రాష్ట్రంలో ఆ కాగితం మీద తెలుగు అక్షరం కనిపించకపోవచ్చు. అయినా దుబాసీని అడిగే హక్కుకూ ఆ పదిహేను భాషల జాబితాకూ ముడి లేదు.

యంత్రానువాదం సంగతీ నియమాలలో ఉంది. కీలకమైన కాగితాలను కంప్యూటర్ చేత తెలుగు చేయిస్తే, అర్హత ఉన్న మనిషి చేత సరిచూయించాలి. ఫోనులో వచ్చే తెలుగు అనువాదాలు రోజూ చూసేవాళ్ళకు ఆ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

భాష రాకపోవడం ఒకటైతే, భాష ఉండీ అది చెవిదో నోటిదో కాకపోవడం ఇంకొకటి. వికలాంగుల విషయంలో చట్టం ఇంకాస్త గట్టిగా మాట్లాడుతుంది. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి వికలాంగుల చట్టం ఇందుకు ఆధారాలు. మిగతావారితో ఎంత బాగా మాట్లాడగలరో వికలాంగులతోనూ అంత బాగా సంభాషణ సాగాలన్నది సూత్రం. ప్రభుత్వ ఆరోగ్యశాఖల వంటి సంస్థలైతే, ఏ సాధనం కావాలో ఆ వ్యక్తి కోరిన దానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. సంజ్ఞా భాషా దుబాసీ కావచ్చు, మాటలను అప్పటికప్పుడు తెర మీద అక్షరాలుగా చూపే ఏర్పాటు కావచ్చు, బ్రెయిలీ కావచ్చు, పక్షవాతంతో మాట పోయినవారికి బొమ్మల పలక కావచ్చు. రోగికి వినబడుతూ, వెంట వచ్చిన తల్లో భర్తో బధిరులైతే వారికీ ఈ సహాయం అందాలి.

‘పెదవులు చూసి అర్థం చేసుకోలేరా’, ‘కాగితం మీద రాసి చూపిస్తే చాలదా’ అని వినబడేవాళ్ళకు సహజంగానే తోచుతుంది. పాట, బాట, మాట అన్న మూడు మాటలను గొంతు రాకుండా అద్దం ముందు పలికి చూస్తే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పెదవుల మీద మూడూ ఒకటే. కోవిడ్ కాలంలో మాస్కులు వచ్చి ఆ కాస్త ఆధారమూ పోయింది. ఇక రాత గురించి. పుట్టుకతో వినికిడి లేనివారిలో చాలామందికి సంజ్ఞా భాషే మొదటి భాష. ఇంగ్లీషు గాని తెలుగు గాని బడిలో కష్టపడి నేర్చుకున్న రెండో భాష. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని రెండో భాషలో రాసి చూపమనడం చికిత్సకు సాయపడదు.

ఒక చిత్రమైన చిక్కు మనవాళ్ళకే ప్రత్యేకం. విజయవాడలోనో వరంగల్‌లోనో పెరిగిన బధిర యువతి పెళ్ళయి అమెరికా వెళితే, అక్కడి ఆసుపత్రి మంచి మనసుతో అమెరికన్ సంజ్ఞా భాష దుబాసీని పిలుస్తుంది. ఆమెకు వచ్చినది భారతీయ సంజ్ఞా భాష. ఇంగ్లీషు అక్షరాలను అమెరికన్ పద్ధతిలో ఒక చేత్తో చూపిస్తారు, భారతీయ పద్ధతిలో రెండు చేతులతో. వ్యాకరణం, పదాలు వేరు. ప్రపంచమంతటా సైగలు ఒకటే అన్నది అపోహ. ఇలాంటి చోట బధిరులే దుబాసీలుగా పనిచేసే పద్ధతి ఒకటి ఉంది. వినబడే దుబాసీ డాక్టరు మాటను అమెరికన్ సైగల్లోకి మారుస్తాడు. శిక్షణ పొందిన బధిర దుబాసీ దాన్ని అందుకుని సైగలు, ముఖకవళికలు, బొమ్మలు, అభినయం అన్నీ కలిపి రోగికి అర్థమయ్యేదాకా చెబుతాడు, జవాబును తిరిగి అదే దారిలో తెస్తాడు. సమయం రెట్టింపు పడుతుంది. అలాంటి సంభాషణ ఒక్కటి చూసినా, వైద్యంలో భాష ఎంత శ్రమతో కూడిన పనో, ఎంత గౌరవించదగ్గదో తెలుస్తుంది.

హక్కు కాగితం మీద ఎంత బలంగా ఉన్నా, దాన్ని నిలబెట్టుకునే దారి ఇటీవల ఇరుకైంది. టెక్సాస్‌లో వినికిడి, చూపు రెండూ లేని ఒక మహిళ ఫిజియోథెరపీకి వెళ్ళి సంజ్ఞా భాషా దుబాసీని అడిగితే ఆ సంస్థ ఇవ్వలేదు. ఆమె కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2022 ఏప్రిల్‌లో ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీ, పునరావాస చట్టం, ఆరోగ్యబీమా సంస్కరణ చట్టాల కింద మానసిక క్షోభకు నష్టపరిహారం రాదని తేల్చింది. దుబాసీని నిరాకరించినప్పుడు డబ్బుగా లెక్కగట్టగల నష్టం చాలాసార్లు ఉండదు, జరిగేది అవమానం, ఆందోళన. ఆ తీర్పుతో కేసు వేసేవారి చేతిలోని ప్రధాన ఆయుధం పోయినట్టయింది. 2025 మార్చి 1న ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడు ఇచ్చిన ఆదేశం, 2000 ఆగస్టులో భాషాసహాయంపై వెలువడిన పాత ఆదేశాన్ని రద్దు చేసింది. అధ్యక్షుడి ఆదేశం చట్టాన్ని మార్చలేదు. 1964 చట్టం, 1557వ సెక్షన్ అలాగే ఉన్నాయి. అమలు చేయవలసిన శాఖల ఉత్సాహం మాత్రం పైనుంచి వచ్చే సంకేతాలను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. అది భాష రాని రోగులకు మంచి కబురు కాదు.

ఇదంతా ఒక్కో రోగి సమస్యగా చూస్తే సగమే చూసినట్టు. ప్రజారోగ్యంలో భాష అందరి రక్షణ. అమెరికాలో నమోదయ్యే క్షయ కేసులలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇతర దేశాలలో పుట్టినవారివే. క్షయ సోకిన మనిషి ఎవరెవరితో ఒకే గదిలో గడిపాడో, మాత్రలు నెలల తరబడి ఎందుకు ఆపకూడదో అతనికి తెలిసిన భాషలోనే మాట్లాడాలి. దుబాసీగా బంధువును కూర్చోబెడితే జబ్బు సంగతి బంధువర్గమంతా తెలిసిపోతుందన్న భయంతో అతను పేర్లు చెప్పడు. చెప్పని ఆ పేర్ల దగ్గరే అంటు సాగుతుంది. 2020లో కోవిడ్‌పై వైట్‌హౌస్ సమావేశాలలో సంజ్ఞా భాషా దుబాసీ కనిపించాలని బధిరుల సంఘం కోర్టుకు వెళ్ళి ఆదేశం తెచ్చుకున్నది కూడా ఇందుకే.

ఇక మన గడ్డ మీద పరిస్థితి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ‘సంభాషణ’ను నిర్వచిస్తూ సంజ్ఞా భాషను, బ్రెయిలీని, పెద్ద అక్షరాలను పేరుపెట్టి చేర్చింది. 25వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులలో అన్ని చోట్లా అవరోధాల్లేని సౌకర్యం, చూపించుకోవడంలో ప్రాధాన్యం ఇవ్వాలంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చికిత్స వివరాలను రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలంది. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో మొదలుపెట్టిన నిఘంటువును 2021 నాటికి 10,000కు పెంచింది. 2011 జనగణన దేశంలో వినికిడి లోపం ఉన్నవారిని 50 లక్షలకు పైగా లెక్కించింది. చట్టం ఉంది, నిఘంటువు ఉంది, మనుషులూ ఉన్నారు. జిల్లా ఆసుపత్రిలో బధిర గర్భిణి ప్రసవానికి వస్తే పిలవడానికి దుబాసీ పోస్టు ఒకటి ఉండాలి కదా, మన ఆలోచన అక్కడి దాకా రాలేదు.

భాష విషయంలోనూ అంతే. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులలో అందరికీ తెలుగు వస్తుందని ఏర్పాట్లన్నీ సాగుతాయి. ఆదిలాబాద్ అడవుల్లోని గోండు అవ్వకు, భద్రాచలం పక్క కోయ తల్లికి, మన్యంలో కువి, సవర మాట్లాడేవారికి తెలుగు సంతలో పనికొచ్చే భాష. 2011 జనగణనలో దేశవ్యాప్తంగా గోండి మాతృభాషగా చెప్పినవారే దాదాపు 30 లక్షలు. వాళ్ళను ఆసుపత్రికి వెంటబెట్టుకు వచ్చే ఆశా కార్యకర్త, ఆ భాష తెలిసిన ఆయా, పక్క మంచం దగ్గరున్న ఎవరి బంధువో ఆ పూటకు దుబాసీ అవుతారు. వాళ్ళు మనసు పెట్టి చేస్తారు. కానీ ఆ పనికి శిక్షణ లేదు, జీతం లేదు, రికార్డులో పేరు లేదు. చెప్పినది తప్పయితే సరిదిద్దేవారూ లేరు. డిశ్చార్జి కాగితమైతే గోండు రోగికే కాదు, తెలుగు రోగికీ ఇంగ్లీషులోనే చేతికి వస్తుంది. దాన్ని పట్టుకుని బయట మందుల షాపు అతన్ని ‘ఇందులో ఏం రాశారు బాబూ’ అని అడగడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, అది లోపమని కూడా తోచదు.

అమెరికా ఆసుపత్రిలో పేరు నమోదు చేసేటప్పుడు ‘మీరు ఏ భాషలో మాట్లాడడానికి ఇష్టపడతారు, దుబాసీ కావాలా’ అని అడిగి కంప్యూటర్‌లో రాసుకుంటారు. తల్లిదండ్రుల తరఫున ఫారం నింపే పిల్లలు తొందరలో చాలాసార్లు అక్కడ ఇంగ్లీషు అని పెట్టేస్తారు. దాంతో ఆ తర్వాత ఏ నర్సుకూ, ఏ డాక్టరుకూ దుబాసీని పిలవాలన్న సూచన కనిపించదు. మన సర్కారీ ఆసుపత్రి ఓపీ చీటీ మీద సాధారణంగా పేరు, వయసు, ఊరు, చూపించుకోవలసిన విభాగం ఉంటాయి. ఏ భాషలో మాట్లాడాలి, వినబడుతుందా, కనబడుతుందా అని అడిగే గడి ఉండదు.